హాట్‌స్పాట్ పెడితే డేటా నిలవడం లేదు

ప్రశ్న: రోజుకు 1.5 జీబీ ప్లాన్ మాది. మా బాబు ఎప్‌సెట్ పాఠాల కోసం ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇస్తే మధ్యాహ్నానికే అయిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బాబును కోప్పడకండమ్మా. ల్యాప్‌టాప్ మీ ఫోన్‌ను ఇంటి వైఫై అనుకుంటుంది. విండోస్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ చడీచప్పుడు లేకుండా లాగేస్తాయి. ల్యాప్‌టాప్ వైఫై సెట్టింగుల్లో మీ హాట్‌స్పాట్ పేరు నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే.

ఇక వీడియోలు. హెచ్‌డీలో గంట పాఠానికి జీబీ దాటిపోవచ్చు. 480పీలో అందులో సగం కూడా పట్టదు, బోర్డు మీది అక్షరాలు మామూలుగా చదవగలిగేలానే ఉంటాయి. ఆటోప్లే ఆపేయండి. రోజూ మూడు నాలుగు గంటల పాఠాలుంటే మాత్రం, టాప్‌అప్‌ల మీద టాప్‌అప్‌లు వేయించడం కన్నా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవడమే మేలు.