ఖాళీ గదికి దండమెందుకు?

మా ఆమదాలవలసలో కరాటే క్లాసుకి కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒకరోజు నా దగ్గరికొచ్చి, "ఏటి మాస్టారూ, లోపల ఎవులూ నేరు. ఖాళీ గదికి దండమెట్టమంతన్నారేటి?" అని అడిగాడు. నేను చరిత్ర పాఠం చెప్పుకునేవాణ్ణి గాని కరాటే మాస్టారిని కాను. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను. కాని ప్రశ్న మంచిది. ఆ కుర్రాడికి నేను పడ్డ బాకీ ఈ వ్యాసం.

జూడో, కరాటే, కత్తిసాము నేర్పే చోటును జపానులో 'దోజో' అంటారు. 'దో' అంటే మార్గం, 'జో' అంటే చోటు. ఈ మాటను సాము చేసేవాళ్లు పుట్టించలేదు, బౌద్ధుల దగ్గర అరువు తెచ్చుకున్నారు. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటును సంస్కృతంలో బోధిమండం అన్నారు. చైనావాళ్లు దాన్ని తమ భాషలోకి మార్చుకున్నారు. ఆ మాటే జపాను చేరి దోజో అయింది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండెక్కి స్తూపాలు చూసొచ్చిన మనకు ఈ ఊహ మరీ పరాయిదేమీ కాదు. గదిలో మనుషులున్నా లేకపోయినా దండం ఆ చోటుకే. చెప్పులు గుమ్మం బయట విడిచి, వాటి ముక్కులు బయటివైపు తిప్పి పెట్టడం కూడా అక్కడ పాఠంలో భాగమే.

ఆ మాటకొస్తే మన గరిడీల్లో, తాలింఖానాల్లో మాత్రం ఏం చేసేవారు? గోదాలో దిగేముందు మట్టి తీసి కళ్లకద్దుకునేవారు. ఆంజనేయస్వామి పటానికి మొక్కేవారు. కర్రసాము మొదలెట్టేముందు ఉస్తాదుకి సలాం చేసేవారు. గురువు హిందువైనా ముస్లిమైనా 'ఉస్తాదు' అన్న పిలుపు చెల్లింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, అక్కడే వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, 1942లో కన్నుమూసిన కోడి రామమూర్తి నాయుడు గారు ఇలాంటి వాతావరణంలో పెరిగినవారే. మన ఊసవానిపేట మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చిన తరువాత ఇక్కడ బరువులెత్తే పిల్లలెక్కువయ్యారు. నేలమీద ఉన్న కడ్డీని కాలితో దాటితే పెద్దవాళ్లు ఇప్పటికీ కసురుతారు. జపానులో కూడా నేలమీద పెట్టిన కత్తిని దాటడం పెద్ద తప్పు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న వాదన ఇక్కడ అనవసరం. దెబ్బ తగిలే అవకాశం ఉన్న చోటల్లా మనిషి ఇలాంటి కట్టుబాట్లే పెట్టుకున్నాడు.

మర్యాద అంటే ఒట్టి వినయం అనుకుంటే పొరపాటు. పాత కత్తిసాము శాఖల్లో కూర్చునే పద్ధతి చూడండి. మోకాళ్లమీద కూర్చునేటప్పుడు ముందు ఎడమ మోకాలు నేలకానాలి. లేచేటప్పుడు కుడికాలు ముందుకి రావాలి. వంగి నమస్కరించేటప్పుడు చాలా శాఖల్లో ముందు ఎడమచేయి నేలమీద పెడతారు, తరువాతే కుడిచేయి. కారణమేమిటంటే, కత్తి ఉండేది ఎడమ నడుముకి, దాన్ని దూసేది కుడిచేత్తో. అంచేత ఆ చేయి చివరిదాకా ఖాళీగా ఉంటుంది. ఇది జాగ్రత్త. అదే మనిషి ఇంకొకరి ఎదుట కూర్చునేటప్పుడు కత్తిని తీసి తనకి కుడిపక్కన, పదును తనవైపే ఉండేలా పెడతాడు. అలా ఉంటే కుడిచేత్తో దూయడం కష్టం. 'నీమీద దూయను' అని నోటితో చెప్పకుండా చెప్పడమన్నమాట. ఇది నమ్మకం. జాగ్రత్తా, నమ్మకమూ రెండూ ఒక్క నమస్కారంలోనే ఉన్నాయి. మన ప్రిన్సిపాల్ గారి గదిలో మనం పెట్టే దండంలో మొదటిది మాత్రమే ఉంటుందని నా అనుమానం!

జూడో సంగతికొద్దాం. 1882లో కానో జిగోరో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కొదోకాన్ అనే పాఠశాల తెరిచాడు. ఆయన సాము చేసినవాడే కాదు, బడిపంతులు కూడా. జూడోలో మెడ నొక్కే పట్లున్నాయి, మోచేయి విరిచే పట్లున్నాయి. మెడపట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలో మనిషికి స్పృహ తప్పుతుంది. మరి రోజూ సాయంత్రం ఇవి ఒకరిమీద ఒకరు ఎలా సాధన చేస్తారు? అరచేత్తో చాపనో, ఎదుటివాడి ఒంటినో రెండుసార్లు తట్టగానే పట్టు వదిలేయాలి. ఆ క్షణానే వదలాలి. అవతలివాడు బెల్టులో చిన్నవాడైనా, నిన్న మనల్ని పడేసినవాడైనా సరే. తట్టినవాడికి అవమానం లేదు. ఈ ఒక్క మర్యాద తీసేస్తే జూడో ఒక్కరోజు నడవదు.

ఇంకొక సంగతి. దోజోలో నమస్కారం ఒకవైపు నుంచి సాగదు. శిష్యులు వంగినప్పుడు గురువూ వంగుతాడు. జోడీ కట్టేముందు ఇద్దరూ 'ఒనెగాయిషిమాసు' అంటారు, అంటే 'దయచేసి సాయం చేయండి' అని. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది మరొకటి. పాత కత్తిసాములో ఇద్దరు కలిసి చేసే వరుసలుంటాయి. వాటిలో గెలిచే పాత్ర చిన్నవాడిది, నరుకుడుకి గురయ్యే పాత్ర గురువుది లేదా సీనియర్‌ది. ఎంత దూరంలో, ఎంత వేగంతో దెబ్బ ఇస్తే జూనియర్‌కి పాఠం వంటపడుతుందో తెలిసినవాడే ఓడగలడు. తెలియనివాడికి ఓడిపోవడం అప్పజెప్పరు.

మన దగ్గర సీనియర్ అన్న మాటకి అర్థమేమిటి? నేను చదువుకున్న హాస్టల్లో మొదటి సంవత్సరం కుర్రాళ్లు నడుం వంచి సలాం కొట్టాలి, సీనియర్ బదులు చెప్పక్కర్లేదు. అది మర్యాద నేర్పడమనేవారు. మా పక్కగది కుర్రాడు నెల తిరక్కుండా పెట్టె సర్దుకుని బండెక్కి వెళ్లిపోయాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌దాకా వాడి పెట్టె మోసింది నేనే. దారిలో ఇద్దరమూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లో వచ్చింది. వాడికి అది అందలేదు.

జపాను గొప్పలు చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. అక్కడ కూడా వంగేవాడు ఒకడు, వంచేవాడు ఒకడు అయిన సందర్భాలున్నాయి. జాతీయ జట్టు స్థాయి మహిళా జూడో క్రీడాకారిణులు పదిహేనుమంది తమ శిక్షకుడు కొడుతున్నాడని ఫిర్యాదు చేశారు. 2013లో ఆ సంగతి బయటపడి అతను పదవి వదులుకోవలసి వచ్చింది. వాళ్లు కూడా రోజూ చాప ఎక్కేముందు పద్ధతిగా వంగి నమస్కరించినవాళ్లే. తట్టినా వదలకపోతే ఏమవుతుందో జపాను పత్రికలన్నీ రాశాయి.

నన్నడిగిన కుర్రాడు ఇప్పుడు జూడో కూడా నేర్చి, సాయంత్రాలు చిన్నపిల్లలకి నేర్పుతున్నాడు. మొన్న వెళ్లి చూశాను. మొదటిరోజు పిల్లలకి పట్లు, దెబ్బలు ఏమీ చెప్పలేదు. అందర్నీ చాపమీద కూర్చోబెట్టి, "ఇలా రెండుసార్లు తట్టండి" అన్నాడు. అరగంటసేపు ఆ గదంతా తట్టుళ్లే.