పాత జర్మన్ పిస్తోలు పిడి: అసలుదా, తర్వాత బిగించిందా?

1914 ఆగస్టు 26. మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఇంకా నెల తిరగలేదు. కలకత్తాలోని రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 జర్మన్ మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు బెంగాల్ విప్లవకారుల చేతికి చేరాయి. ప్రతి పిస్తోలు మీదా నంబరు ఉంది. ఆ జాబితా కంపెనీ దగ్గర ఉంది. అందుకే దొరికిన పిస్తోలు ఆ యాభైలోదో కాదో తేల్చడం పోలీసులకు వీలైంది. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక వచ్చేసరికి 31 దొరికాయి.

అయితే నంబరు చెప్పేది లోహపు భాగం గురించే. పిడికి రెండు వైపులా ఉండే పలకలు ఒక్క స్క్రూ విప్పితే ఊడివస్తాయి. విరిగితే మార్చేవారు. ఇప్పుడు పాతవాటికి గిరాకీ ఉంది కాబట్టి నకళ్లూ తయారవుతున్నాయి. మరి అసలు పలకను గుర్తించడం ఎలా?

కంటికి కనిపించే ఆనవాళ్లు

చాలా సైనిక లూగర్ పిస్తోళ్లలో అక్రోటు చెక్క పలకల లోపలి వైపు, తుపాకీ నంబరులోని చివరి రెండు అంకెలు ముద్రించి ఉంటాయి. అంకెలు కలిస్తే మంచి సూచనే. కానీ ముద్ర కొత్తగానూ కొట్టవచ్చు. అందుకే నిపుణులు అరుగుదల, తుప్పు కూడా చూస్తారు. డుమస్ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలిసిందే. లోహం మీద తుప్పు ఉన్నచోటే పలక లోపలా మరక ఉంటే, ఆ రెండూ చాలాకాలం కలిసి ఉన్నాయని అర్థం.

కుక్కర్ పిడికి చుట్టం

1938లో జర్మన్ సైన్యం తీసుకున్న వాల్తర్ పి38కి ఎక్కువగా బేకలైట్ పలకలు ఉండేవి. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి లియో బేక్‌లాండ్ 1907లో తయారుచేసిన ప్లాస్టిక్ ఇది. మన ప్రెషర్ కుక్కర్ పిడి కూడా సాధారణంగా ఈ కుటుంబానిదే. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు.

చవక నకళ్లలో కొన్ని ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. ఇది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే మార్కెట్లోకి వచ్చింది. రంగు ఒకటే అయినా సాంద్రత వేరు. ఏబీఎస్ ఘన సెంటీమీటరుకు సుమారు 1.05 గ్రాములు, రంపపు పొట్టు కలిపిన బేకలైట్ 1.3 నుంచి 1.4 గ్రాములు. పరారుణ కాంతితో పరీక్షిస్తే తేడా ఇంకా స్పష్టం. ఏబీఎస్‌లోని నైట్రైల్ బంధం 2,240 తరంగసంఖ్య దగ్గర సన్నని గుర్తు చూపుతుంది. బేకలైట్‌లో అది ఉండదు.

చెక్కలో అణుపరీక్షల జాడ

1950, 60 దశకాల అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగింది. 1963 నాటికి ఉత్తరార్ధగోళంలో దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత పెరిగిన కలపలో ఆ అదనపు కార్బన్ ఉంటుంది. కొన్ని మిల్లీగ్రాముల చెక్క చాలు, అది యుద్ధకాలపు కలప కాదని తేల్చడానికి.

'కాదు' తేలిక, 'అవును' కష్టం

ఇక్కడే అసలు పాఠం ఉంది. నైట్రైల్ గుర్తు గానీ అదనపు కార్బన్ గానీ కనిపిస్తే ఆ పలక నకలే. కనిపించకపోతే? అసలుదని రుజువైనట్టు కాదు. పాత బీరువా చెక్కతో నిన్న చెక్కిన పలక కూడా కార్బన్ పరీక్షలో నెగ్గుతుంది. కొత్తగా పోతపోసిన బేకలైట్ కూడా పరారుణ పరీక్షలో నెగ్గుతుంది. పదార్థం, తయారీ గుర్తులు, అరుగుదల, తుప్పు అన్నీ ఒకే కథ చెప్పినప్పుడే 'బహుశా అసలుదే' అనగలం.

అందుకే వేడి సూది గుచ్చి వాసన చూడటం, మెరుగుపెట్టి తుడవడం వద్దు. ఆ మరకలే సాక్ష్యం, పోతే తిరిగి రావు. తాతల పెట్టెలో పాత పిస్తోలు కనిపిస్తే మాత్రం పరీక్షల జోలికి పోవద్దు. తూటా లోపలే ఉండవచ్చు, పైగా ఆయుధాల చట్టం వర్తించవచ్చు. ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి.