అంచున నిలబడ్డ సహోదరుడు: మన చేతిపనులను గూర్చి ఒక పాఠం

ధ్యాన భాగము: నిర్గమకాండము 31, 32 అధ్యాయములు, 35:30 – 36:7, 38:8, రూతు గ్రంథము, లూకా 1:1–4



నేను కువైట్‌లో ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతితో ఈ పాఠం మొదలుపెడతాను. ఆ సంవత్సరం క్రిస్మస్ ఆరాధన ముగిశాక సంఘమంతా కలిసి ఫోటో దిగాం. దానిని పోస్టరుగా తయారు చేసే పని నాకు అప్పగించారు. రాత్రి గదికి వచ్చి ఫోనులో ఆ ఫోటో తెరిచాను. ముందు వరుసలో పట్టుచీరలు, కొత్త చొక్కాలు కళకళలాడుతున్నాయి. కుడివైపు చివర మాత్రం ఒక సహోదరుడు క్లీనింగ్ కంపెనీ యూనిఫాంలో, చేతిలో టిఫిన్ కారియర్‌తో నిలబడి ఉన్నాడు. డ్యూటీ నుండి నేరుగా వచ్చినవాడు. ఫోటో పొందికగా లేదనిపించింది. ఆ అంచు కత్తిరించాను. అతని మోచేయి కొంచెం మిగిలిపోతే దానిని కూడా వేలితో రుద్ది తుడిచేశాను. అందరూ మెచ్చుకున్నారు.

తరువాతి శుక్రవారం ఆ సహోదరుడు నా దగ్గరకు వచ్చాడు. రాజంపేట వైపు మనిషి. "అన్నా, ఫోటోలో నేను లేనే?" అన్నాడు. నేను మాట్లాడలేదు. "ఇంటామె రెండు మూడు తూర్లు ఎతికిందంటన్నా. చర్చికి పోయినా అంటివే, యాడుండావు అని అడిగింది" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

అసలు ఫోటో నా ఫోనులోనే ఉంది కాబట్టి ఆ రోజే అతనికి పంపగలిగాను. కానీ ఆ మాట నన్ను వదలలేదు. నాకు దేవుడిచ్చిన చిన్నపాటి నేర్పుతో నేను చేసిన పని ఏమిటి? ఒక సహోదరుణ్ణి ఆయన సన్నిధిలో లేనట్టు చేయడం. మన సంఘాల్లో ఫోటోలు తీసేవారు, పోస్టర్లు చేసేవారు, పాటలు కట్టేవారు, క్రిస్మస్ నాటికలు, కథలు రాసేవారు ఎందరో ఉన్నారు. వారందరితో కలిసి ఈ పాఠం ధ్యానించాలని నా ఆశ.

1. దేవుడు పేరు పెట్టి పిలిచిన పనివాడు

నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు మోషేతో ఒక మనిషిని గురించి మాట్లాడతాడు. యూదా గోత్రికుడు, హూరు మనుమడు, ఊరి కుమారుడైన బెసలేలు. అతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు, సేనాధిపతి కాడు. బంగారం, వెండి, ఇత్తడి పని చేసేవాడు, రాళ్లు చెక్కేవాడు, కొయ్య చెక్కడం తెలిసినవాడు. అలాంటివాణ్ణి తన ఆత్మతో నింపానని దేవుడు చెబుతున్నాడు. జ్ఞానము, వివేకము, తెలివి, పనితనము అన్నీ ఆ నింపుదలలో భాగంగానే వస్తాయి. కనుక పనితనం ఆత్మీయతకు బయటిది కాదు. వెలుగు ఎక్కడ పడుతుందో చూసే కన్ను, మాటకు మాట అతికే చెవి కూడా ఆయన చేతి నుండి వచ్చినవే.

అతనితో పాటు దాను గోత్రికుడైన అహోలీయాబును కూడా దేవుడు నియమించాడు. 35:34లో ఒక చక్కని సంగతి ఉంది: ఈ ఇద్దరికీ ఇతరులకు నేర్పే మనసును కూడా దేవుడు ఇచ్చాడు. వచ్చిన విద్యను దాచుకోలేదు. 35:25–26లో నూలు వడికిన స్త్రీల ప్రస్తావన ఉంది. గుడారం ఒక్కరి పేరున లేచింది కాదు.

2. అదే బంగారం, అదే చేయి

31వ అధ్యాయం ముగిసి 32వ అధ్యాయం తెరవగానే ఏమున్నదో గమనించారా? బంగారు దూడ. ఒకవైపు కొండమీద దేవుడు గుడారపు పనివాళ్ల గురించి చెబుతుంటే, మరోవైపు కొండ కింద ప్రజలు చెవిపోగులు తీసి ఇస్తున్నారు. అహరోను వాటితో దూడను చేశాడు. తరువాత 35వ అధ్యాయంలో అదే ప్రజలు మళ్లీ బంగారం తెచ్చారు, ఈసారి గుడారానికి. చివరకు పనికి సరిపడినదానికంటే ఎక్కువైపోయి, ఇక తేవద్దని చాటించవలసి వచ్చింది (36:5–7).

బంగారంలో తేడా లేదు. చేతి నైపుణ్యం దూడకూ పనికొచ్చింది, దీపస్తంభానికీ పనికొచ్చింది. మన ఫోను కూడా అంతే, మన కలమూ అంతే. అందుచేత మనం ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇందులో సత్యం నిలిచిందా? ఇందులో నా పొరుగువాడు నిలిచాడా? ఈ రెండింటినీ మన మధ్య ఎక్కువగా జరిగే రెండు పనులకు పెట్టి చూద్దాం.

3. ఫోనులో ఫోటో దిద్దేవారికి

ఫోటోను దిద్దడం అబద్ధం కాదు. కన్ను చూసినంతగా కెమెరా చూడలేదు. హాలులో కిటికీ ముందు నిలబడిన మనిషి మన కంటికి స్పష్టంగా కనిపిస్తాడు, ఫోటోలో నల్లని నీడగా పడతాడు. ఆ నీడను కాస్త పైకి లేపడం అంటే కన్ను చూసినదానికి దగ్గరగా తేవడమే. పని ఇలా చేయండి.

మొదట అసలు ఫోటోకు నకలు తీసి, నకలు మీదనే దిద్దండి. అసలును ఎప్పుడూ చెరపకండి. నా తప్పును సరిదిద్దుకొనే దారి దొరికింది అందువల్లనే. తరువాత వంకరగా ఉంటే నిటారు చేయండి. ఆ తరువాత వెలుగు: స్నాప్‌సీడ్, గూగుల్ ఫోటోస్ వంటి యాప్‌లలో మొత్తం వెలుగును, మెరిసే భాగాలను, నీడలను విడివిడిగా సవరించవచ్చు. మెరిసే భాగాలను తగ్గించి నీడలను కొద్దిగా పెంచితే తెల్ల చొక్కా మడతలు కనిపిస్తాయి, ముఖమూ కనిపిస్తుంది. ఆపైన రంగు: పసుపు బల్బుల కింద తీసిన ఫోటో పచ్చగా పడుతుంది, కొన్ని ట్యూబులైట్ల కింద ఆకుపచ్చ ఛాయ వస్తుంది. గోడ గాని చొక్కా గాని తెల్లగా కనిపించేవరకు రంగు సవరిస్తే ముఖాలు కూడా తమ సహజ రంగుకు వస్తాయి.

అక్కడ ఆగండి. ముఖాలను తెల్లబరిచే ఫిల్టరు జోలికి పోవద్దు. నలుపు చామనఛాయ మనకు మన తల్లిదండ్రుల ద్వారా దేవుడిచ్చిన రంగు. ఒక చెల్లెలి ముఖాన్ని ఆమె అడగకుండానే రెండు ఛాయలు తెల్లగా చేసి పోస్టరులో పెడితే, నీ రంగు బాగాలేదని సంఘమంతటి ముందూ ఆమెకు చెప్పినట్టే. వెనుక గోడమీద వేలాడే వైరును తుడిచేయండి, ఎవరికీ నష్టం లేదు. మనిషిని తుడిచే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగి అతని పేరు జ్ఞాపకం చేసుకోండి.

మరొక మాట. కొందరికి తమ ఫోటో బయటకు రావడం ఇష్టం ఉండదు. యజమానికి తెలియకుండా ఆరాధనకు వచ్చినవారు ఉంటారు, ఇంటి గొడవల వల్ల దాగి ఉన్నవారు ఉంటారు. గల్ఫ్ దేశాల్లో అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీసి పంచుకోవడం చట్టం దగ్గరకు కూడా వెళ్లవచ్చు. కనుక ముందే అడగండి. ఉండాలనుకున్నవాణ్ణి తీసివేయకపోవడం ప్రేమ, వద్దన్నవాణ్ణి బయట పెట్టకపోవడం కూడా ప్రేమే.

4. క్రిస్మస్ కథ రాసేవారికి

ఈ మధ్య మన సహోదరీలు కొందరు పాతకాలపు క్రిస్మస్ నేపథ్యంలో ప్రేమకథలు రాస్తున్నారు. విశ్వాసులు ప్రేమకథ రాయవచ్చా అని అడిగేవారికి నా జవాబు రూతు గ్రంథమే. అది బేత్లెహేములో జరిగిన కథ. నాలుగే అధ్యాయాలు. యవల కోత, పరిగె ఏరుకోవడం, ఊరి గవిని దగ్గర పెద్దల పంచాయతీ అన్నీ అందులో కళ్లకు కట్టినట్టు ఉంటాయి. చెప్పు తీసి ఇచ్చే పాత ఆచారాన్ని చదివేవారికి అర్థం కావాలని రచయిత ఆగి వివరిస్తాడు (4:7). బోయజు ప్రేమ ఎలా కనిపిస్తుంది? పొలంలో ఎవరూ ఆమెను ముట్టకూడదని ముందే ఆజ్ఞాపించడంలో, ఆమె ఏరుకొనేలా కావాలనే కొన్ని పరిగెలు వదలమనడంలో. ఆ కథలో అంచున నిలబడినది మోయాబు నుండి వచ్చిన పరదేశి. మత్తయి తన మొదటి అధ్యాయంలో యేసు వంశావళి రాసేటప్పుడు ఆమె పేరును విడిచిపెట్టలేదు. పరదేశంలో బ్రతుకుతున్న మనకు ఇది ఎంత ఆదరణ!

పాతకాలపు కథ రాసేవారికి లూకా మంచి గురువు. అన్నిటినీ మొదటినుండి తరచి పరిశోధించి, వరుసగా రాయాలని తాను పూనుకున్నానని ఆయన తన సువార్త ఆరంభంలోనే చెబుతాడు. మనమూ కొంచెం శ్రమపడాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ కథ 1878 డిసెంబరులో ఒంగోలు ప్రాంతంలో జరుగుతుందనుకోండి.

కథానాయకుణ్ణి ఒంగోలు స్టేషన్‌లో రైలు దించకండి. అప్పటికి ఒంగోలుకు రైలు రాలేదు. ఎద్దులబండి ఎక్కించండి, లేదా నడిపించండి. చెట్టుకు రంగు బల్బులు వేలాడదీయకండి. క్రిస్మస్ చెట్టుకు మొదటిసారి కరెంటు బల్బులు పెట్టినది 1882లో, అదీ న్యూయార్క్‌లో. నూనె దీపం చాలు. విందులో బిర్యానీ వడ్డించకండి. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని గొప్ప కరువు పీడించింది. పశువులు పోయి, గింజలు లేక జనం అల్లాడిన కాలం అది. ఆ ఏడు ఒక ఇంట్లో అందరి ముందూ జొన్న సంకటి నిండుగా ఉంటే అదే పండుగ.

ఆ కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగానికి కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న జనానికి కూలిపని కల్పించాడు. అన్నం కోసం క్రైస్తవులవుతున్నారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేవరకు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాలువ గట్టున మట్టితట్ట మోసే ఒక యువకుడు, అతని తట్ట నింపే ఒక అమ్మాయి, ఇద్దరూ బాప్తిస్మం కోసం ఎదురుచూస్తూ గడిపిన నెలలు, ఆ సంవత్సరాంతాన వచ్చిన వారి మొదటి క్రిస్మస్. కథకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఇక్కడ కూడా కత్తిరింపు జరిగే ప్రమాదం ఉంది. కథంతా దొరగారి చుట్టూ తిప్పి, మిగిలినవారిని గుంపుగా వెనుక నిలబెట్టడం సులువు. నిజానికి ఆ మేలుకొలుపు యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసుల సాక్ష్యం వల్ల పల్లె పల్లెకూ పాకింది. ఆయన 1866లో బాప్తిస్మం పొంది తన బంధువుల మధ్యకు సువార్తను తీసుకుపోయాడు. మీ కథలో ఆ యువకుడు మాదిగపల్లెవాడైతే, వాడలో పుట్టాడని చెప్పండి. ఊరి బావి దగ్గర అతనికి జరిగిన అవమానాన్ని కూడా రాయండి. మనకు ఇబ్బందిగా ఉందని అతని ఇంటిని, వాడను తుడిచేసి, ఏ కులమూ తెలియని మంచి అబ్బాయిగా దిద్దితే, నేను ఆ యూనిఫాం సహోదరుణ్ణి కత్తిరించిన పనికీ దానికీ తేడా లేదు. మనలో అనేకుల తాత ముత్తాతలు ఆ నది ఒడ్డున నిలబడినవారే.

మనుషులను, మాటలను కల్పించుకోవడానికి కథలో మనకు స్వేచ్ఛ ఉంది. జరిగిన శ్రమను జరగలేదనడానికి మాత్రం లేదు.

5. అద్దములు గంగాళమైన సంగతి

నిర్గమకాండము 38:8ను నెమ్మదిగా చదవండి. ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర సేవించే స్త్రీలు తమ అద్దాలను ఇచ్చారు. ఆ కాలపు అద్దాలు గాజువి కావు, మెరుగుపెట్టిన లోహపువి. వాటితో బెసలేలు ఇత్తడి గంగాళం చేశాడు. యాజకులు సేవకు పోకముందు అందులోని నీళ్లతో చేతులు, కాళ్లు కడుగుకొనేవారు. తమ ముఖం చూసుకొనే వస్తువును ఆ స్త్రీలు ఇతరులు శుద్ధి పొందే వస్తువుగా మార్చనిచ్చారు.

మన ఫోను మన కాలపు అద్దం. రోజుకు ఎన్నిసార్లు అందులో మన ముఖమే చూసుకుంటాం! దానిని ప్రభువుకు ఇస్తే ఏమవుతుంది? ఊళ్లో ఒక ముసలి తల్లి తన కొడుకు ఆరాధనలో నిలబడి ఉండడం చూసి నిద్రపోతుంది. క్యాంపులో ఒంటరిగా ఉన్న ఒక తమ్ముడు మీ కథ చదివి తన తాత విశ్వాసాన్ని గుర్తు చేసుకుంటాడు.

మరువకూడని మరొకటి. బెసలేలు పని గురించి చెప్పిన వెంటనే, అదే 31వ అధ్యాయంలో, దేవుడు విశ్రాంతి దినం గురించి మాట్లాడాడు. గుడారపు పనైనా సరే, ఆగవలసిన రోజు ఆగాలి. ఆరాధన జరుగుతున్నంతసేపూ ఫోను వెనుకనే నిలబడితే మనం ఆరాధించేది ఎప్పుడు? వాక్యం చెప్పేటప్పుడు ఫోను జేబులో పెట్టండి. రాత్రి పోస్టరు పని ఒంటిగంట దాటితే మూసేసి పడుకోండి.

ఆ తరువాతి క్రిస్మస్‌కు మళ్లీ ఫోటో నేనే తీశాను. ఆ సహోదరుడు ఆ రోజు కూడా యూనిఫాంలోనే వచ్చి అంచున నిలబడబోయాడు. చేయి పట్టుకొని మధ్యకు తెచ్చాను. "వద్దులే అన్నా, డ్యూటీ బట్టలు" అన్నాడు. పాస్టరుగారు జరిగి చోటిచ్చారు. ఆ సంవత్సరం నేను దిద్దినది వెలుగు ఒక్కటే.

కూడికలో చర్చించుకొనుటకు:

1. దేవుడు మీ చేతికి ఇచ్చిన నేర్పు ఏది? దానిని మీరు ఎవరికి నేర్పుతున్నారు?

2. మీ సంఘపు ఫోటోల్లో, పాటల్లో, సాక్ష్యాల్లో ఎప్పుడూ కనిపించనివారు ఎవరు? ఎందుకు?

3. మీ కుటుంబంలో మొదట ప్రభువును నమ్ముకున్నవారి కథ మీకు తెలుసా? ఈ వారం ఇంటికి ఫోను చేసి పెద్దవారిని అడిగి ఒక పేజీ రాయండి. వారి ఊరు, వాడ, వారు పడిన కష్టం విడిచిపెట్టకండి.

ప్రార్థన: ప్రభువా, బెసలేలును పేరు పెట్టి పిలిచిన దేవా, మా చేతులకు పనితనం, మా కళ్లకు నీ చూపు దయచేయండి. మేము కత్తిరించి పారవేసిన సహోదరుల విషయమై మమ్మును క్షమించండి. మా అద్దములను మీ గంగాళముగా మార్చుకొనండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.