జెట్‌ బోటుకు నాచు గండం
ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ తీరంలో ఉంటున్న తెలుగువాళ్లు రాసినవి. అందరి గోడూ ఒక్కటే: నీళ్ల మీద తేలే నాచు, దాన్ని మింగి మొరాయించే జెట్‌ బోటు. విశాఖ, విజయవాడల నుంచి వచ్చిన ప్రశ్నలనూ వాటితో కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: కొత్తగా కొన్న జెట్‌ బోటును సముద్రంలోకి తీసుకెళ్లాం. గోధుమరంగు నాచు తెట్టె ఒకటి దాటగానే ఇంజను గోల పెరిగింది, వేగం మాత్రం సగానికి పడిపోయింది. ఇంజను పాడైనట్టేనా?
– ఓ పాఠకుడు, మయామీ

కంగారు అక్కర్లేదు. ఇంజను బాగానే ఉండి ఉంటుంది, పంపుకే నీళ్లు అందలేదు. మామూలు బోటుకు ప్రొపెల్లర్‌ బయట తిరుగుతుంది. జెట్‌ బోటుకు బయట తిరిగేది ఏదీ ఉండదు. బోటు అడుగున ఊచల జల్లెడ ఉంటుంది. నీళ్లు అందులోంచి లోపలికి వస్తాయి. ఇంపెల్లర్‌ వాటిని లాగి, వెనక ఉన్న నాజిల్‌ గుండా బలంగా చిమ్ముతుంది. ఆ ధారే బోటును ముందుకు తోస్తుంది. స్టీరింగు తిప్పితే నాజిల్‌ పక్కకు తిరుగుతుంది, దాంతోపాటే బోటూ తిరుగుతుంది.

పొలం బావిలో మోటారు ఫుట్‌వాల్వుకు చెత్త పట్టినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగిల్లుతాయి. నాచు జల్లెడకు అడ్డం పడితే ఇంపెల్లర్‌కు చాలినన్ని నీళ్లు రావు. నీళ్లకు బదులు గాలి, బుడగలు చేరతాయి. బరువు తగ్గిన ఇంపెల్లర్‌ ఉత్తినే గిర్రున తిరుగుతుంది. ఆర్‌పీఎం ముల్లు పైకి, వేగం ముల్లు కిందికి పోతే తొంభై పాళ్లు కారణం ఇదే. కొన్నిసార్లు బోటు సన్నగా వణుకుతుంది కూడా.

ఇలాంటప్పుడు చాలామంది థ్రాటిల్‌ ఇంకా నొక్కుతారు. చేయకూడని పని అదే. పీల్పు పెరిగే కొద్దీ జల్లెడ మీద ఉన్న పోగులు లోపలికి జారి షాఫ్టుకు చుట్టుకుంటాయి. పైపైన తీసేస్తే పోయేది కాస్తా లోపలి చిక్కుముడిగా మారుతుంది.

నాచంతా తీసేశాక కూడా వేగం రాకపోతే అప్పుడు మెకానిక్‌కు చూపించాలి. ఇంపెల్లర్‌ అంచుకూ, దాని చుట్టూ ఉండే వేర్‌ రింగుకూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. నాచుతో పాటు వచ్చిన గులకరాయి రెక్కను వంచినా, రింగును గీరినా పంపు పట్టు తప్పుతుంది.

ప్రశ్న: ఈ నాచు ఎక్కడి నుంచి వస్తోంది? ఏటికేడు పెరుగుతోందని అంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, గాల్వెస్టన్‌

నిజమే. దీని పేరు సర్గాసమ్‌. సముద్రపు నాచుల్లో చాలా రకాలు రాళ్లను పట్టుకుని పెరుగుతాయి. అట్లాంటిక్‌లో తేలే రెండు సర్గాసమ్‌ జాతులు మాత్రం పుట్టడం, పెరగడం అంతా నీటి మీదే. ఒక రెమ్మను చేతిలోకి తీసుకుని చూస్తే ఆకుల మధ్య మిరియం గింజంత గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే గాలే దాన్ని తేలుస్తుంది. రెమ్మ తెగినా చావదు, తెగిన ముక్క విడిగా పెరుగుతుంది. 1492లో కొలంబస్‌ ఓడలు ఈ నాచు గుండానే వెళ్లాయి.

అప్పట్లో ఇది ప్రధానంగా ఉత్తర అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం, గల్ఫ్‌ ఆఫ్‌ మెక్సికోలకే పరిమితం. 2011 నుంచి కథ మారింది. పశ్చిమాఫ్రికా నుంచి గల్ఫ్‌ ఆఫ్‌ మెక్సికో దాకా ఏటా ఒక పెద్ద పట్టీ ఏర్పడుతోంది. 2018 జూన్‌లో ఆ పట్టీ పొడవు 8,850 కిలోమీటర్లనీ, బరువు 2 కోట్ల టన్నులకు పైమాటేననీ యూనివర్సిటీ ఆఫ్‌ సౌత్‌ ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల ద్వారా లెక్కగట్టారు. 2025లో అది 3 కోట్ల టన్నులు దాటింది. గాల్వెస్టన్‌ వాళ్లకు 2014 వేసవి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడు బీచి పొడవునా నాచు గుట్టలే.

ఆ విశ్వవిద్యాలయం నాచు కదలికల మీద ప్రతి నెలా బులెటిన్‌ ఇస్తుంది. వసంతం, వేసవి నెలల్లో బోటు తీసేవాళ్లు వాతావరణ సూచనతో పాటు దాన్నీ చూసుకుంటే ఆ నెల ఏ తీరానికి నాచు బెడద ఉందో ముందే తెలుస్తుంది.

ప్రశ్న: నాచు ఎదురైతే వేగంగా దాటేయాలా, నెమ్మదిగా పోవాలా? మిత్రులు తలోమాట చెబుతున్నారు.
– ఓ పాఠకుడు, ఫోర్ట్‌ లాడర్‌డేల్‌

వీలుంటే రెండూ వద్దు, చుట్టు తిరిగి పోవడం మేలు. అందుకు నాచు ఎలా పరుచుకుంటుందో తెలియాలి.

1927లో రసాయన శాస్త్రవేత్త ఇర్వింగ్‌ లాంగ్‌మ్యూర్‌ ఓడలో అట్లాంటిక్‌ దాటుతూ ఒక వింత చూశారు. సర్గాసమ్‌ చెల్లాచెదురుగా లేదు. పొడుగాటి చారల్లా వరసలు కట్టి ఉంది. ఆ వరసలన్నీ గాలి వీచే దిశలోనే ఉన్నాయి. గాలి దిశ మారితే కాసేపటికి వరసలూ దిశ మార్చుకున్నాయి. గాలికి నీటి పైపొర కింద పక్కపక్కనే సుడులు ఏర్పడతాయనీ, రెండు సుడులు కలిసి నీరు కిందికి దిగే చోట తేలే చెత్తంతా పోగవుతుందనీ ఆయన తర్వాత లేక్‌ జార్జ్‌లో ప్రయోగాలు చేసి తేల్చారు. 1932లో రసాయన శాస్త్రంలో నోబెల్‌ అందుకున్నది ఈయనే.

బోటు నడిపేవారికి దీని వల్ల రెండు లాభాలు. గాలి దిశలో లేదా గాలికి ఎదురుగా పోయేటప్పుడు రెండు వరసల మధ్య శుభ్రమైన నీటి బాట దొరుకుతుంది, అందులోనే సాగిపోవచ్చు. గాలికి అడ్డంగా పోవాల్సి వస్తే వరసలు దాటక తప్పదు. అప్పుడు వరస పలచబడిన చోటో, తెగిన చోటో చూసుకుని తిన్నగా అడ్డం కోయాలి. ఏటవాలుగా కోస్తే నాచులో గడిపే దూరం పెరుగుతుంది. పోలరాయిడ్‌ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మెరుపు తగ్గి వరసలు దూరం నుంచే కనిపిస్తాయి.

వరస వెడల్పు బోటు పొడవును మించకపోతే, బోటును తిన్నగా పెట్టి, దగ్గరికి రాగానే థ్రాటిల్‌ను ఐడిల్‌కు తగ్గించి, ఉన్న ఊపుతో జారనివ్వొచ్చు. పీల్పు తగ్గితే జల్లెడకు నాచు పట్టడమూ తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ధార లేకపోతే జెట్‌ బోటుకు స్టీరింగు పనిచేయదు. ముందు ఈతగాళ్లు, బోట్లు, బోయాలు ఉన్న చోట ఈ పద్ధతి పనికిరాదు.

దట్టమైన తెట్టెలోకి వేగంగా దూకడం మాత్రం ఎప్పుడూ తప్పే. దాని కింద దుంగలు, తాళ్లు, వలముక్కలు దాగి ఉంటాయి. బుల్లి సముద్ర తాబేళ్లు తలదాచుకునేదీ అక్కడే.

ప్రశ్న: రివర్స్‌ వేస్తే పీల్చుకున్న నాచు బయటకు ఊడి వస్తుందని ఒకరు చెప్పారు. చేసి చూశాం, లాభం లేకపోయింది. ఎందుకని?
– ఓ పాఠకుడు, టాంపా

కారులో రివర్స్‌ గేరు వేస్తే చక్రాలు వెనక్కి తిరుగుతాయి. చాలా జెట్‌ బోట్లలో అలాంటిదేమీ లేదు. రివర్స్‌ వేస్తే నాజిల్‌ మీదకు ఒక డొప్ప దిగి, వెనక్కి పోయే ధారను ముందుకు మళ్లిస్తుంది, అంతే. ఇంపెల్లర్‌ తిరిగే దిక్కు మారదు. అది నాచును అలాగే లోపలికి లాగుతూ ఉంటుంది. బోటు వెనక్కి కదిలినప్పుడు జల్లెడకు వేలాడుతున్న పోగులు కొన్ని జారిపోవచ్చు. షాఫ్టుకు చుట్టుకున్నది మాత్రం రాదు.

ఇంపెల్లర్‌ను నిజంగానే వెనక్కి తిప్పే ఏర్పాటు కొన్ని యంత్రాల్లో ఉంది. సీడూ బ్రాండు కొన్ని మోడళ్లలో ఐడీఎఫ్‌ పేరుతో దాన్ని ఇస్తోంది. బటన్‌ నొక్కితే పంపు ఉల్టా తిరిగి చెత్తను కక్కేస్తుంది. పైలట్‌ బోట్లు, ఫెర్రీల వంటి పెద్ద పడవల్లో వాడే జెట్‌లకు గేర్‌బాక్సు ఉంటే అవీ అలాగే చేయగలవు. కొత్తగా కొనేవారు, తాము తిరిగే నీళ్లలో నాచు ఎక్కువైతే షోరూంలో మొదట అడగాల్సిన సంగతి ఇదే.

ప్రశ్న: నడిసముద్రంలో పంపు పూడుకుపోతే సురక్షితంగా శుభ్రం చేసుకోవడం ఎలా?
– ఓ పాఠకురాలు, వెస్ట్‌ పామ్‌ బీచ్‌

ముందు నాచులోంచి బయటపడాలి. కదలగలిగితే ఐడిల్‌లోనే శుభ్రమైన నీటికి చేరి, లోతు అనుమతిస్తే లంగరు వేయాలి. ఆ తర్వాత ఇంజను ఆపాలి. ఆపి ఊరుకోకుండా ల్యాన్‌యార్డ్‌ (ఇంజను స్విచ్చికి తగిలించే తాడు) లేదా తాళంచెవి తీసి, శుభ్రం చేసే మనిషే దగ్గర పెట్టుకోవాలి. రెండు ఇంజన్లుంటే రెండూ ఆపాలి.

ఒక నిమిషం ఆగితే సగం పని దానంతటదే అవుతుంది. పీల్పు లేకపోయేసరికి జల్లెడకు అంటుకున్న నాచు చాలాసార్లు దానంతట అదే తేలిపోతుంది. బోటును అటూ ఇటూ ఊపితే ఇంకొంత వదులుతుంది. అప్పుడొకసారి స్టార్ట్‌ చేసి నెమ్మదిగా నడిపి చూడొచ్చు.

అయినా తీరకపోతే లోపలికి చెయ్యి పెట్టాల్సిందే. యమహా వంటి కంపెనీల బోట్లకు వెనక మెట్టు దగ్గర క్లీన్‌ఔట్‌ పోర్టులు ఉంటాయి. మూత తెరిచి, చేతికి మందపాటి గ్లవ్స్‌ వేసుకుని పోగులు లాగేయొచ్చు. గట్టిగా చుట్టుకున్న దాన్ని కొక్కెం కత్తితో కోయాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ మిగతావాళ్లు ముందువైపు కూర్చుంటే వెనక భాగం నీళ్లలోకి దిగకుండా ఉంటుంది. మూత తిరిగి పెట్టాక తాళం సరిగ్గా పడిందో లేదో రెండోసారి చూసుకోవాలి.

పోర్టు లేని బోటైతే నీళ్లలోకి దిగి అడుగు నుంచి తీయాలి. అలలు పోటెత్తుతున్నా, ప్రవాహం బలంగా ఉన్నా దిగకూడదు. ఒంటరిగా అసలు దిగకూడదు. వదులు బట్టలు, విరబోసిన జుట్టు, వేలాడే లైఫ్‌జాకెట్‌ పట్టీలు జెట్‌ దగ్గరికి రానే కూడదు.

ప్రశ్న: నాచు పట్టాక వేడి అలారం మోగింది. ఒడ్డు దగ్గర్లోనే ఉంది కదా అని నడిపేయొచ్చా?
– ఓ పాఠకుడు, కీ లార్గో

నడపకూడదు. చాలా జెట్‌లలో ఇంజనును చల్లబరిచే నీళ్లు ఆ పంపు నుంచే వస్తాయి. సీడూ వంటివి ఇంజనుకు విడిగా కూలెంట్‌ వాడినా, ఎగ్జాస్ట్‌ను చల్లార్చేది బయటి నీళ్లే. పంపు పూడుకుపోతే కదలికతో పాటు చల్లదనమూ పోతుంది. వేడి పొగకు ఎగ్జాస్ట్‌ రబ్బరు గొట్టాలు కాలిపోతాయి. అలారం మోగిన వెంటనే ఇంజను ఆపడమే చౌక వైద్యం.

రెండు ఇంజన్ల బోటైతే, పట్టేసిన దాన్ని ఆపి, రెండోదాన్ని తక్కువ వేగంలో నడుపుతూ ఒడ్డు చేరొచ్చు. జెట్‌ స్కీని మరో బోటుకు కట్టి లాగించాల్సి వస్తే గంటకు 8 కిలోమీటర్లు మించనీయొద్దు. అంతకంటే వేగంగా లాగితే నీళ్లు పంపు గుండా ఎగదన్ని ఎగ్జాస్ట్‌ దారిలో ఇంజనులోకి చేరే ప్రమాదం ఉంది.

ప్రశ్న: జెట్‌ బోటు జానెడు నీళ్లలోనైనా పోతుందంటారు. తీరం దగ్గరి గడ్డి మీదుగా నడిపితే ఏమవుతుంది?
– ఓ పాఠకుడు, ఓర్లాండో

ఆ పేరు ఊరికే రాలేదు. న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్‌ 1950ల్లో జెట్‌ బోటును తీర్చిదిద్దింది అక్కడి లోతులేని నదుల కోసమే. 1977లో ఎడ్మండ్‌ హిల్లరీ బృందం హామిల్టన్‌ జెట్‌ బోట్ల మీద గంగాసాగర్‌ నుంచి గంగలో ఎదురెక్కుకుంటూ నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడే దాకా వెళ్లింది.

అయితే వేగంగా దూసుకుపోతున్న బోటు వేరు, ఆగి స్టార్ట్‌ చేసే బోటు వేరు. లోతు తక్కువ చోట ఇంజను స్టార్ట్‌ చేస్తే అడుగున ఉన్న ఇసుక, గడ్డి, గులకరాళ్లు అన్నీ పంపులోకే పోతాయి. బోటు అడుగు కింద కనీసం 90 సెంటీమీటర్ల నీళ్లుండాలని తయారీదారులు చెప్పేది అందుకే. ఒడ్డు నుంచి నడుం లోతు దాకా చేత్తో నెట్టుకుపోయి స్టార్ట్‌ చేయడం మంచి అలవాటు. పైగా ఫ్లోరిడాలోని ఆక్వాటిక్‌ ప్రిజర్వులనే రక్షిత జలాల్లో సముద్రపు గడ్డిని పాడుచేయడం చట్టవిరుద్ధం.

ప్రశ్న: మన దగ్గర ఈ నాచు లేదు కాబట్టి జెట్‌లకు ఇబ్బంది లేనట్టేనా? నేవీ వాళ్లూ జెట్‌లు వాడతారా?
– పాఠకులు, విశాఖపట్నం, విజయవాడ

వాడతారు. 2025 జూన్‌ 18న విశాఖ నేవల్‌ డాక్‌యార్డులో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్‌ అర్నాలా డీజిల్‌ ఇంజను–వాటర్‌జెట్‌తో నడిచేదే. సుమారు 77 మీటర్ల పొడవున్న ఆ నౌక, దళంలో చేరేనాటికి ఈ తరహా చోదనంతో నడిచే మన యుద్ధనౌకల్లో అతి పెద్దది. తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో జలాంతర్గాములను వేటాడటం దాని పని.

ఇక ఇబ్బంది సంగతికొస్తే, అది మన దగ్గరా ఉంది. కృష్ణా, గోదావరి నీళ్లలో సర్గాసమ్‌ స్థానంలో ఉన్నది గుర్రపుడెక్క. దాని కాడలు బరువు, వేళ్లు కుచ్చుల్లా చిక్కన. చిన్న జెట్‌ స్కీ జల్లెడను మూసేయడానికి నాలుగు మొక్కలు చాలు. వరద తర్వాత తెట్టెలు కొట్టుకొచ్చే రోజుల్లో నదిలో జెట్‌ స్కీ ఎక్కకపోవడమే మంచిది.

ప్రశ్న: ఇంటికొచ్చాక ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, హ్యూస్టన్‌

ట్రెయిలర్‌ ఎక్కించగానే కింద పడుకుని టార్చి వేసి జల్లెడ చూడాలి. మిగిలిన పోగులు తడిగా ఉన్నప్పుడే సులువుగా వస్తాయి, ఎండితే బిర్రబిగుస్తాయి. తర్వాత మంచినీళ్లతో కడగాలి. గొట్టం తగిలించి కడిగేటప్పుడు ముందు ఇంజను, ఆ తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, ఆ తర్వాత ఇంజను. ఈ వరస తప్పితే నీళ్లు ఇంజనులోకి ఎక్కుతాయి. ఇంజను ఎంతసేపు నడపాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్‌ చూసుకోవాలి.

మళ్లీ సముద్రంలోకి బయల్దేరేటప్పుడు మందపాటి గ్లవ్స్‌, కొక్కెం కత్తి, ఈత కళ్లద్దాలు, లంగరు తాడు బోటులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ నాలుగూ లేకుండా నాచు కాలంలో ఒడ్డు వదలొద్దు.