పనిముట్ల కొట్టము: కొలది చోటును చక్కగా వాడుకొను విధము

సేద్యమునకు భూమి, నీరు, విత్తనము ఎంత ముఖ్యములో పనిముట్లును అంత ముఖ్యములు. అయినను ఆ పనిముట్లు ఉండవలసిన చోటును గూర్చి మనము ఆలోచించుట అరుదు. ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతములయందు ఒకప్పుడు ఎద్దులను కట్టివేసిన కొట్టములే నేడు అనేక గృహములలో ట్రాక్టరునకును, మోటారు సైకిలునకును, మందు కొట్టు పంపునకును, చిల్లర మరమ్మతులకును నిలయములైనవి. యంత్రములతో పని నానాటికి పెరుగుచున్నది. యంత్రముతో కోయుటకు అనువుగా నిటారుగా పెరుగు ఎన్.బి.ఇ.జి. 47 అను శనగ రకమును మన నంద్యాల పరిశోధనాస్థానమువారే రూపొందించిరి. సామాను పెరిగినది గాని కొట్టము పెరుగలేదు. అందువలన "చోటు చాలదు" అను మాట ప్రతి యింటను వినబడుచున్నది. పెక్కుచోట్ల కొఱత నేలలో లేదు. గోడలను వాడుకొనకుండుటలో ఉన్నదని చూపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఇది యింటి శుభ్రతకు మాత్రమే చెందిన చిన్న విషయమని తలపరాదు. మన రేగడి భూములలో శనగ విత్తుట నేలలో నిలిచిన పదనుమీద ఆధారపడియున్నది. తడి ఎక్కువగా ఉన్నప్పుడు రేగడి కాలు పెట్టనీయదు. ఆఱిపోయిన పిదప విత్తనము మొలవనీయదు. ఈ రెంటి నడుమ దొరకు దినములు కొలదియే. అట్టి దినమున గొఱ్ఱుకు బోల్టు కనబడక, పానా ఎవరింట నున్నదో తెలియక, పొద్దెక్కు వఱకు వెదకిన రైతు పోగొట్టుకొన్నది గంట కాలము కాదు, పదను. ఒక్కొక్కప్పుడు ఆ యేటి పంటయే.

1. మొదట కొలత

ఏ మార్పు చేయుటకైనను ముందు టేపు పట్టి కొలువవలెను. ఉదాహరణమునకు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గల కొట్టమును తీసికొందము. దాని నేల 216 చదరపు అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 60 అడుగులు. ఎత్తుతో హెచ్చించిన 540 చదరపు అడుగులగును. 9 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల వాకిలికి 72 తీసివేసినను 468 చదరపు అడుగుల గోడ మిగులును. అనగా మన గోడ మన నేలకు రెండింతలకు పైగా ఉన్నది. ఆ గోడలపై ఒక క్యాలెండరును, ఒక పాత పగ్గమును తప్ప మఱేమియు లేని యిండ్లు ఎన్నో కలవు.

ఇక ట్రాక్టరు సంగతి. అది సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉండునని అనుకొందము. దానిని నట్టనడుమ నిలిపినయెడల ఇరుప్రక్కల మూడేసి అడుగులు మిగులును. మూడడుగులలో నడువవచ్చును గాని వంగి పని చేయుట కష్టము. అదే బండిని ఒక గోడకు ఒక అడుగు దూరమున నిలిపినచో రెండవ ప్రక్క 5 అడుగుల చోటు ఒక్కటిగా కలిసివచ్చును. మొత్తము చోటు మాఱలేదు. ముక్కలైనది ఒకటైనది, అంతియే. గోడ ప్రక్కన మరమ్మతు వచ్చిన దినమున బండిని వెలుపల పెట్టి పని చేసికొనవచ్చును. బండి చక్రములు నిలువవలసిన గీతలను నేలపై సున్నముతో గీసినచో ఎవరు తోలుకొని వచ్చినను అచ్చటనే నిలుపుదురు.

2. ఏఱివేయుట

కొట్టములోని సామాను నంతయు ఒక దినమున వెలుపలికి తెచ్చి మూడు కుప్పలు చేయవలెను. వారమున కొకసారియైన చేతికి వచ్చునవి మొదటి కుప్ప. ఏటికి ఒకటి రెండు పర్యాయములు వచ్చునవి రెండవ కుప్ప. మూడేండ్లుగా ఎవరును ముట్టనివి మూడవ కుప్ప. మూడవ కుప్పలో విఱిగిన గుంటక పలుగులు, పనికిరాని పంపులు, పాత టైర్లు ఉండును. "ఎప్పటికైన పనికివచ్చును" అను మాటయే కొట్టములకు గొప్ప శత్రువు. ఇనుప సామాను వానికి అమ్మగా వచ్చిన రూకలతో కొత్త మేకులు, బోల్టులు కొనవచ్చును.

జపాను దేశపు కర్మాగారములలో ఈ పనికి "సెయిరి" యనియు, మిగిలిన ప్రతి వస్తువునకు ఒక చోటు ఏర్పఱచుటకు "సెయిటన్" అనియు పేర్లు. వేల మంది పని చేయు చోట ఆచరించు ఈ క్రమము ఇద్దఱు ముగ్గురు మసలు కొట్టమునకు మఱింత సులభము. మనకు దీనికి తగిన దినములును పూర్వమునుండి కలవు. ముంగారు పనులకు ముందు ఏరువాక పున్నమి వచ్చును. శనగ విత్తుటకు ముందు దసరా ఆయుధపూజ వచ్చును. పనిముట్లను కడిగి బొట్టు పెట్టు ఆ రెండు దినములనే ఏఱివేతకును, లెక్కకును వాడుకొన్నయెడల పండుగయు నడచును, పనియు నడచును.

3. గోడను వాడుకొనుట

మన పెద్దలు చొక్కాయ తగిలించుటకు గోడలో చిలుకకొయ్యను దిగగొట్టిరి. దీపమునకు గూడు విడిచిరి. గింజలకు అటక కట్టిరి. ఆ మూడును పనిముట్లకును చాలును.

మట్టితో కట్టిన రాతిగోడలో మేకు నిలువదు. కావున నేలనుండి దూలము వఱకు మూడు నిలువు కఱ్ఱలు నిలిపి, వానికి అడ్డముగా పలకలు బిగించి, ఆ పలకలకు కొయ్యలు కొట్టవలెను. నడుము ఎత్తునుండి కంటి ఎత్తు వఱకు ఉన్న భాగము గోడలో మిక్కిలి విలువైనది. పానాలు, సుత్తి, పట్టకారు, బాడిస, ఉలి, ఱంపము, ఆకురాయి అచ్చట ఉండవలెను. కొడవళ్లు, గొడ్డళ్ల అంచులు గోడవైపు తిరిగియుండవలెను. పాఱలు, గడ్డపాఱలు మూలలో నిలిపి అడ్డుకఱ్ఱ వేయవలెను. బరువైనవి క్రింద, తేలికవి పైన అను నియమము తప్పరాదు.

ప్రతి పనిముట్టు వెనుక దాని ఆకారమును రంగుతో గోడపై గీయుడు. సాయంకాలము దీపము వేయగానే ఖాళీ ఆకారము ఏది ఉన్నదో కనబడును. పొలములో మఱచిన పానా అప్పుడే జ్ఞప్తికి వచ్చును. చదువు రాని పనివాడును, పిల్లవాడును దేనిని ఎచ్చట పెట్టవలెనో ఆ గీతను చూచి తెలిసికొందురు.

గొఱ్ఱు, గుంటక, కాడిమాను వంటి పొడవైన కఱ్ఱ సామానును అటకపై పఱచినచో నేల మిగులుటయే గాక చెదయు తగులదు. అయితే పాత మట్టిమిద్దె దూలములు పైనున్న మన్నునే మోయలేక యుండును. వాని నుండి బరువులు వ్రేలాడదీయరాదు. వంగిన దూలము, పగిలిన దంతె ఉన్న చోట అటకకు వేఱుగా స్తంభములు నిలుపవలెను. అలమరలకు పలకలు కొననక్కఱలేదు. మనకు దగ్గఱనున్న బేతంచెర్ల బండలను ఇటుక దిమ్మెలపై పఱచినచో చెదకును, తేమకును లొంగని అలమర సిద్ధమగును. నట్లు, బోల్టులు, వాషర్లు కొలత ప్రకారము గాజు సీసాలలో ఉంచినచో మూత తీయకయే కనబడును.

4. బల్ల, నేల, వెలుతురు

పని బల్లకు రెండడుగుల వెడల్పు చాలును. దానిని గోడకు బందులతో బిగించి, పని లేనప్పుడు క్రిందికి మడచినయెడల ఆ చోటు నడకకు మిగులును. మడత బల్లకు వైసును బిగింపరాదు. దెబ్బకు బల్ల కదలును. మూలలో లోతుగా పాతిన తుమ్మ మొద్దుపై వైసును బిగించి, దాని నోరు నిలుచున్న మనిషి మోచేతి ఎత్తున ఉండునట్లు చూడవలెను. అంతకంటె తక్కువైనచో నడుము నొచ్చును, ఎక్కువైనచో భుజము నొచ్చును.

రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వాఱును. పైన వేసిన పలుచని సిమెంటు పగులును. పై రేగడిని తీసివేసి, గరుసు పోసి దిమ్మిస కొట్టి, దానిపై బండలు పఱచుట మేలు. ఒక బండ క్రుంగినచో దానినొక్కదానినే లేపి సరిచేయవచ్చును. దీపము పని చేయువాని వెనుక ఉండరాదు; తన నీడ తన పనిమీదనే పడును.

5. నీరు, నిప్పు, విషము

కుందు పొంగుట మనకు కొత్త కాదు. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతమున కుఱిసిన భారీ వర్షములకు కుందు పొంగి పొలములను ముంచినది. కావున మోటారు, బ్యాటరీ, విత్తనపు సంచులు నేలపై ఉండరాదు; మోకాలికి మించిన ఎత్తున ఉండవలెను. ఎఱువు సంచులను చెక్కలపై, గోడకు జానెడు ఎడముగా పేర్చవలెను.

ఇనుమును అఱగదీయునప్పుడు ఎగిరిన నిప్పురవ్వ డీజిలు డబ్బావద్దకు పోకుండ ఆ రెంటిని ఎదురెదురు కొనలయందుంచవలెను. కన్నులకు అద్దములు లేక ఆ చక్రమును ముట్టరాదు. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు, రంగు లేదు. మనిషి ఎఱుగకముందే ప్రాణము తీయును.

అన్నిటికంటె ముఖ్యమైనది పురుగుమందు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రము సారణ్ జిల్లా గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్న భోజనము తినిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. చోటు చాలదని మందును నూనె డబ్బాల ప్రక్కను, విత్తనముల మీదను, దూలపు సందునను దాచు అలవాటు మనలోను ఉన్నది. చోటు ఎంత తక్కువైనను మొట్టమొదట చోటు కేటాయింపవలసినది మందునకే. గాలి ఆడు ఒక ఇనుప పెట్టె, దానికి తాళము, తాళపు చెవి పెద్దల చేతిలో. పెట్టెలో పొడి మందులు పైన, ద్రవములు క్రింద. కాఱినను ఒకదానిపై నొకటి పడదు. నీళ్ల సీసాలో మందును ఎన్నడును పోయరాదు. ఖాళీ డబ్బాను మూడుమారులు కడిగి, ఆ నీటిని పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువవలెను.

6. సంఘము చేయదగినది

మన దేశమున 1904వ సంవత్సరపు చట్టముతో సహకార పరపతి సంఘములు చట్టబద్ధముగా వెలసినవి. నాడు అప్పుకొఱకు కలిసిన రైతులు నేడు చోటుకొఱకును కలియవచ్చును. వెల్డింగు యంత్రము, గొలుసు కప్పీ, పెద్ద వైసు మొదలగునవి ఏటికి పదిదినములకంటె ఎక్కువ పని చేయవు. పదిమంది ఆ సామానునే వేఱువేఱుగా కొన్నచో పది కొట్టములలో చోటు పోవును. సంఘపు గిడ్డంగిలో ఒక్కటి ఉన్నచో పదిమందికి చోటు మిగులును. అందులకు ఒక పుస్తకము, ఒక బాధ్యుడు కావలెను. తీసికొన్నవారు తుడిచి, నూనె రాచి, చెప్పిన దినమున తిరిగి యీయవలెనను నియమము సంఘాధ్యక్షునకును, చిన్న రైతునకును సమానముగా ఉండవలెను. ఆ సమానత లేనిచోట ఉమ్మడి పనిముట్టు ఒక యింటి సొత్తగును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ కొట్టపు నేల ఎన్ని చదరపు అడుగులు? గోడలు ఎన్ని? లెక్క వ్రాసి తెండు.
2. మీ యింట పురుగుమందు ఎచ్చట నున్నది? నాలుగేండ్ల పిల్లవానికి అందునా?
3. ఈ యేడు మీరు ఒక్కసారియు వాడని పనిముట్లు ఏవి? వానిలో సంఘమున ఉమ్మడిగా ఉంచదగినవి ఏవి?
4. రేపు తెల్లవాఱునప్పటికి పదను వచ్చినచో గొఱ్ఱు కట్టుటకు కావలసిన సామానునంతయు దీపము లేక, చీకటిలోనే తీయగలరా?

ఈ నాలుగవ ప్రశ్నకు "తీయగలము" అని చెప్పగల రైతు కొట్టము ఎంత చిన్నదైనను చాలినంతదియే.