క్లాంప్ మీటర్ సున్నా చూపిస్తే లైను చచ్చినట్టు కాదు

గల్ఫ్ దేశాల్లో ఎలక్ట్రీషియన్‌గా, ఏసీ మెకానిక్‌గా, లేదా వారి దగ్గర హెల్పర్‌గా పనిచేసే మీరు క్లాంప్ మీటర్ చూసే ఉంటారు. మన దగ్గర చాలామంది దీన్నే టాంగ్ టెస్టర్ అంటారు. వైరు తెంపనక్కరలేదు. పటకారు లాంటి దవడల మధ్య వైరును ఉంచితే, దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఎన్ని ఆంపియర్ల కరెంటు పారుతోందో చూపిస్తుంది.

సరిగ్గా కొలవాలంటే:

1. ఒక్క వైరునే పట్టండి. ఫేజు, న్యూట్రల్ కలిపి పడితే ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టేస్తుంది. మిషను నడుస్తున్నా మీటరు సున్నా దగ్గరే ఉంటుంది.

2. దవడలు పూర్తిగా మూసుకోవాలి. వైరు వాటి మధ్యలో ఉండాలి.

3. బ్యాటరీ, సోలార్ లైన్లకు డీసీ కొలిచే మీటరే వాడండి. ఏసీ మాత్రమే కొలిచే మీటరు అక్కడ పనికిరాదు.

4. వేళ్ళు అడ్డుపట్టీ దాటి ముందుకు పోనివ్వకండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర కనీసం క్యాట్ 3 అని రాసి ఉన్న మీటరు కావాలి. పగిలిన మీటరు, చెమటతో తడిసిన గ్లోవ్స్ వాడవద్దు.

అసలు ప్రమాదం:

"మీటరు సున్నా చూపిస్తోంది కదా, వైరు విప్పెయ్" అని ఎవరైనా అంటే విప్పకండి. కుళాయి కట్టేస్తే నీళ్ళు పారవు, కానీ పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది. ఇదీ అంతే. మోటారు ఆగి ఉంటే కరెంటు పారదు, కానీ వైరులో 230 వోల్టులు ఉండవచ్చు. త్రీఫేజు అయితే 400 వోల్టులు. ప్రాణం తీయడానికి అది చాలు.

ముందు బ్రేకరు ఆపించి, తాళం వేయించి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. తరువాత అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ వోల్టేజి టెస్టరుతో చూడాలి. టెస్టరు పనిచేస్తోందో లేదో ముందూ వెనకా కరెంటు ఉన్న లైను మీద పరీక్షించాలి.

మీరు హెల్పర్ అయితే "ఈ పని నాకు రాదు" అని చెప్పడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిందీ లేదు. బలవంతం చేస్తే తేదీ, సైటు, చెప్పినవారి పేరు రాసిపెట్టుకుని రాయబార కార్యాలయ సంక్షేమ విభాగానికి తెలియజేయండి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆ తరువాతే మనిషిని ముట్టుకోండి. బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళి రిపోర్టు తీసుకోండి. నష్టపరిహారం అడగాల్సి వస్తే ఆ కాగితమే మీకు ఆధారం.