వ్యవసాయ పరిశోధనలో సూపర్ కంప్యూటర్ వినియోగం

వరి జన్యు సముదాయంలో సుమారు 39 కోట్ల క్షార జంటలుంటాయి. వందలాది వంగడాలను ఈ స్థాయిలో పోల్చడానికి సాధారణ కంప్యూటరు చాలదు. అందుకే న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థలో 2014లో ‘అశోక’ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం ప్రారంభమైంది. హైదరాబాద్ ఐఐటీలో ‘పరమ్ సేవ’ ఉంది.

ప్రవేశం: విద్యార్థులు సాధారణంగా మార్గదర్శక ఆచార్యుల ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పరిశోధనాంశం, సాఫ్ట్‌వేర్, అవసరమైన కోర్లు, మెమరీ, నిల్వ సామర్థ్యం పేర్కొనాలి.

వినియోగం: లాగిన్ నోడ్ అందరికీ ఉమ్మడి ద్వారం; దానిపై విశ్లేషణ నడపరాదు. పనిని స్క్రిప్టుగా రాసి క్యూలో సమర్పిస్తే షెడ్యూలర్ దానిని గణన నోడ్లకు పంపుతుంది. కోరిన సమయం చాలకపోతే పని మధ్యలో నిలిచిపోతుంది. మరీ ఎక్కువ కోరితే నిరీక్షణ పెరుగుతుంది. కనుక ముందుగా చిన్న నమూనాతో అంచనా వేసుకోవాలి.

భద్రత: తాత్కాలిక నిల్వలోని ఫైళ్లు గడువు తీరాక తొలగిపోవచ్చు. సిద్ధాంత వ్యాసానికి ఆధారమైన ఫలితాలను వెంటనే వేరొకచోట భద్రపరచుకోవాలి.